పాత కార్లలో ఇంజను మధ్యమధ్య ఆగిపోవడం

నడుస్తున్న కారు ఇంజను డ్రైవరు ప్రమేయం లేకుండా హఠాత్తుగా ఆగిపోయి, కొంతసేపటికి ఏ మరమ్మతూ చేయకుండానే మళ్ళీ మామూలుగా స్టార్టయ్యే లోపాన్ని ఇంజను మధ్యమధ్య ఆగిపోవడం అంటారు. పాత కార్ల యజమానులను, మెకానిక్కులను అన్నిటికంటే ఎక్కువగా విసిగించే లోపం ఇదే. పూర్తిగా చెడిపోయిన భాగాన్ని కనిపెట్టడం సులభం, ఎందుకంటే అది ఎప్పుడు పరీక్షించినా చెడిపోయే ఉంటుంది. అప్పుడప్పుడు మాత్రమే చెడిపోయే భాగం అలా కాదు. కారును షెడ్డుకు తీసుకువెళ్ళేసరికి ఇంజను బుద్ధిగా నడుస్తూ ఉంటుంది. ఏ లోపమూ కనబడక మెకానిక్కు తన అనుభవాన్ని బట్టి ఏదో ఒక భాగాన్ని మారుస్తాడు. వారం తిరగకుండానే కారు మళ్ళీ నడిరోడ్డుమీద ఆగుతుంది. అప్పుడు ఇంకొక భాగం మారుతుంది.

ఈ వ్యాసం ముఖ్యంగా కార్బురేటర్ ఉన్న పెట్రోలు కార్ల గురించి, అంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 వంటి వాటి గురించి వివరిస్తుంది. తొలితరం ఇంజెక్షన్ కార్ల ప్రస్తావన చివరలో ఉంది. డీజిల్ ఇంజన్లలో నిప్పురవ్వతో పని లేదు కనుక వాటిని పరీక్షించే పద్ధతి వేరు.

ప్రమాదం

ఇంజను ఆగిపోవడం కేవలం అసౌకర్యం కాదు. బ్రేకులకు వాక్యూమ్ సర్వో ఉన్న కార్లలో ఇంజను ఆగిన తరువాత ఒకటి రెండుసార్లు తొక్కడానికి సరిపడే సహాయం మాత్రమే మిగులుతుంది. ఆ తరువాత బ్రేకు పనిచేస్తుంది కానీ పెడలు చాలా గట్టిగా తొక్కవలసి వస్తుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అది కూడా బరువెక్కుతుంది. కాబట్టి ఇంజను ఆగగానే పదేపదే బ్రేకు తొక్కి వదలకుండా, ఒకేసారి నిలకడగా తొక్కుతూ కారును రోడ్డు పక్కకు చేర్చాలి. కారు పూర్తిగా నిలిచేవరకు తాళంచెవిని బయటకు తీయరాదు. తీస్తే కొన్ని కార్లలో స్టీరింగ్ బిగుసుకుపోతుంది. రైల్వే గేటు మధ్యలో కారు ఆగితే మొదట లోపల ఉన్నవారందరూ దిగి పట్టాలకు దూరంగా వెళ్ళాలి. రైలు వచ్చే సూచన లేకపోతే, మాన్యువల్ గేర్లున్న పాత కారును మొదటి గేరులో వేసి, క్లచ్ తొక్కకుండా సెల్ఫ్ కొట్టి కొన్ని గజాలు ముందుకు నడపవచ్చు. స్టార్టర్ మోటారుకు ఇది మంచిది కాదు, అయినా ఆ సమయంలో అంతకంటే మంచి ఉపాయం లేదు.

ఈ లోపాన్ని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో అమెరికాలోని జనరల్ మోటార్స్ ఉదంతం చెబుతుంది. ఆ సంస్థ తయారుచేసిన షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి చిన్న కార్లలో తాళంచెవి స్విచ్ ఉండవలసినంత బిగువుగా లేదు. మోకాలు తగిలినా, చెవికి బరువైన గుత్తి వేలాడినా, రోడ్డు కుదుపుకు స్విచ్ జారి ఇంజను ఆగిపోయేది. దానితోపాటే గాలిసంచులు కూడా పనిచేయడం మానేసేవి. ఇంజను ఆగడాన్ని సంస్థ ఇంజనీర్లు ఏళ్ళ తరబడి భద్రతకు సంబంధించిన లోపంగా కాక, వినియోగదారుల సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూశారు. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కు పిలిపించారు. పరిహార నిధి 124 మరణాలను ఈ లోపం వలన జరిగినవిగా గుర్తించింది. ఇందులో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. 2006లో స్విచ్‌ను సరిచేసినప్పుడు దాని విడిభాగం సంఖ్యను మార్చలేదు. దానితో, పాత కార్లు ఆగిపోతూ కొత్త కార్లు ఎందుకు ఆగడం లేదో దర్యాప్తు చేసేవారికి చాలాకాలం అంతుపట్టలేదు.

ఇంజను నడవడానికి కావలసినవి

పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: తగిన పాళ్ళలో కలిసిన పెట్రోలు, గాలి, ఆ మిశ్రమాన్ని అదమడం, సరైన సమయానికి నిప్పురవ్వ. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి ఉంటే దహనం సంపూర్ణంగా జరుగుతుంది. వీటిలో అదిమే శక్తి, అంటే కంప్రెషన్, పిస్టన్ రింగులు, వాల్వులు అరిగేకొద్దీ మెల్లగా తగ్గుతుందే తప్ప పొద్దున పోయి సాయంత్రం తిరిగి రాదు. వేడికి వాల్వు పట్టుకుపోవడం వంటి అరుదైన సందర్భాలను మినహాయిస్తే, మధ్యమధ్య ఆగే ఇంజనులో లోపం పెట్రోలు వైపు గానీ, నిప్పురవ్వ వైపు గానీ ఉంటుంది. నిప్పురవ్వను మన మెకానిక్కులు "కరెంటు" అంటారు. ఈ వ్యాసంలో కూడా ఆ మాటనే వాడుతున్నాము.

ఈ రెండింటిలో ఏది పోయిందో తేల్చుకోకుండా పానా చేతపట్టడమే ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు.

ఆగిన తీరు

తాళంచెవి తిప్పి ఆపినట్లు, ఏ హెచ్చరికా లేకుండా ఇంజను ఒక్కసారిగా ఆగితే అనుమానం కరెంటు మీదకు వెళ్ళాలి. శక్తి తగ్గుతూ, కుదుపులు ఇస్తూ, యాక్సిలరేటర్ తొక్కినా స్పందించకుండా కొంత దూరం వెళ్ళి ఆగితే పెట్రోలును అనుమానించాలి. దీనికి కారణం సులభంగానే అర్థమవుతుంది. కార్బురేటర్‌కు ఫ్లోట్ ఛాంబర్ అనే చిన్న తొట్టి ఉంటుంది. పంపు నుంచి పెట్రోలు రావడం ఆగిపోయినా, ఆ తొట్టిలో ఉన్నది అయిపోయేదాకా ఇంజను నడుస్తుంది. కరెంటుకు అటువంటి నిల్వ ఏదీ లేదు.

ఇంజను ఆగిన క్షణంలో డాష్‌బోర్డు మీది ఎర్రదీపాలు కూడా సాక్ష్యం చెబుతాయి. కారు గేరులో ఉండి దొర్లుతున్నంతసేపు చక్రాలే ఇంజనును తిప్పుతాయి కనుక దీపాలు వెలగకపోవచ్చు. అందుచేత క్లచ్ తొక్కి చూడాలి. ఇంజను తిరగడం ఆగినప్పుడు ఆయిల్ దీపం, ఛార్జింగ్ దీపం వెలిగితే తాళంచెవి స్విచ్ నుంచి కనీసం వాటి వరకు విద్యుత్తు వస్తున్నట్లు. ఒక్క దీపం కూడా వెలగకపోతే స్విచ్, దాని వైర్లు, ఫ్యూజు, బ్యాటరీ బిగింపులు మొదట చూడాలి. ఇంజను వేగాన్ని చూపే మీటరు ఉన్న కార్లలో, కారు ఇంకా గేరులో దొర్లుతుండగానే దాని ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే అది కరెంటు లోపానికి గట్టి సూచన.

ఆగిన సందర్భం కూడా ముఖ్యమే. సిగ్నళ్ళ దగ్గర మాత్రమే ఆగితే స్లో జెట్‌లో చెత్త చేరడం గానీ, కార్బురేటర్ కింది గాస్కెట్ నుంచి, వాక్యూమ్ గొట్టాల నుంచి దొంగగాలి చొరబడడం గానీ కారణం కావచ్చు. మలుపుల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆగితే ఫ్లోట్ మట్టం తప్పడమో, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉండడమో అయి ఉంటుంది. గతుకుల్లో ఆగితే వదులైన వైరు. వానలో ఆగితే డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్గు వైర్లు. వాటిని రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా చూస్తే కరెంటు బయటకు దూకుతున్న చోట నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. పగలు గంటసేపు వెతికినా దొరకని పగులు ఇలా చీకట్లో నిమిషంలో దొరుకుతుంది. చేతులు మాత్రం దూరంగా ఉంచాలి. ఆ వైర్లలో వేల వోల్టులు ఉంటాయి.

మళ్ళీ స్టార్టు కావడానికి పట్టే సమయం

చాలామంది యజమానులు కారు ఎక్కడ ఆగిందో చెబుతారు కానీ, ఎంతసేపటికి మళ్ళీ స్టార్టయిందో గుర్తుంచుకోరు. నిజానికి ఇదే అన్నిటికంటే విలువైన ఆధారం.

వెంటనే, సెల్ఫ్ కొట్టగానే స్టార్టయితే లోపం ఎక్కడో వదులుగా ఉన్న అతుకులోనో, అరిగిన స్విచ్‌లోనో ఉంటుంది. ఇరవై నిమిషాలు, అరగంట ఆగితే తప్ప స్టార్టు కాకపోతే అది వేడికి సంబంధించిన లోపం. ఏదో ఒక భాగం చల్లబడడానికి ఆ సమయం పడుతోంది. ఈ రెండింటి మధ్య, రెండు మూడు నిమిషాలకే స్టార్టయి, కొన్ని కిలోమీటర్లు చక్కగా నడిచి మళ్ళీ ఆగితే, ఇంజనును వదిలిపెట్టి కారు వెనక్కు వెళ్ళి పెట్రోలు ట్యాంకు చూడాలి.

ట్యాంకులో రెండు లోపాలు ఇటువంటి లక్షణాన్ని కలిగిస్తాయి. పాత ట్యాంకుల్లో తుప్పు రేకులు, గుడ్డపీలికలు, ఆకులు చేరతాయి. పంపు పీలుస్తున్నంతసేపు అవి పెట్రోలు గొట్టం మూతికి అతుక్కొని ఉంటాయి. ఇంజను ఆగగానే పీల్చే బలం పోయి, అవి ఊడి అడుగుకు జారతాయి. రెండు నిమిషాల తరువాత గొట్టం శుభ్రంగా ఉంటుంది. రెండవది ట్యాంకు మూత. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ దాని చోటులోకి గాలి వెళ్ళాలి. చాలా పాత కార్లలో ఆ గాలి మూతలోని చిన్న రంధ్రం ద్వారా వెళుతుంది. రంధ్రం పూడుకుపోతే ట్యాంకులో పీడనం తగ్గి, పంపు పీల్చలేని స్థితి వస్తుంది.

ఇలా ఊహించుకోండి. ఒక పద్మిని కారు ప్రతి ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగుతోంది. పంపు మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు, తరువాత కాయిల్ మార్చారు. కారు ఆగుతూనే ఉంది. యజమానిని అడిగితే ఆరు నెలల క్రితం పాత మూత పోతే బజారులో దొరికిన మూత కొని పెట్టానని చెబుతాడు. ఆ మూతకు గాలిరంధ్రం లేదు. కారు ఆగినప్పుడు మూత విప్పితే గాలి "ఉస్సు"మని లోపలికి వెళ్ళే శబ్దం వినిపిస్తుంది. రూపాయి ఖర్చు లేని పరీక్ష అది. లోపం మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు కారులో ఏమేమి మార్చారో అడగడం ఇందుకే అవసరం.

వేడి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పాత కార్లు ఎండాకాలంలోనే ఎక్కువగా ఆగుతాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. బానెట్ కింద అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది.

పెట్రోలు నీటిలాగా ఒకే పదార్థం కాదు. అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులోని తేలిక భాగాలు 35-40 డిగ్రీల వద్దే మరగడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతాయి. పాత కార్లలో చాలావాటికి పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉండి, క్యామ్ షాఫ్టు తోపుతో పనిచేస్తుంది. మన మెకానిక్కులు దీనిని ఏసీ పంపు అంటారు. దానికీ ఎయిర్ కండిషనర్‌కూ సంబంధం లేదు. ఆ పంపు వెనక ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. పీల్చినప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. ఇలా గొట్టంలో, పంపులో పెట్రోలు ఆవిరైతే, ద్రవాన్ని తోడవలసిన పంపు ఆ ఆవిరిని అదుముతూ వదులుతూ ఉంటుందే తప్ప ముందుకు తోయలేదు. దీనిని షెడ్లలో ఎయిర్ లాక్ అంటారు. గాలి కాదు, ఆవిరి అనడమే సరైనది గానీ, పేరు స్థిరపడిపోయింది. కనుమదారుల్లో బానెట్లెత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి కూర్చున్న కుటుంబాలు ఒకప్పుడు వేసవి ప్రయాణాల్లో సామాన్య దృశ్యం.

అయితే తడిగుడ్డ వైద్యంలో ఒక చిక్కు ఉంది. వేడికి చెడిపోయే భాగం పంపు ఒక్కటే కాదు. ఇగ్నిషన్ కాయిల్ లోపల వెంట్రుకవంటి రాగితీగ వేలాది చుట్లు చుట్టి ఉంటుంది. వేడికి తీగ వ్యాకోచించి లోపలి అతుకు విడిపోవచ్చు, లేదా చుట్ల మధ్య పూత దెబ్బతిని కరెంటు అడ్డదారి పట్టవచ్చు. చల్లబడితే అతుకు మళ్ళీ కలుస్తుంది. కండెన్సర్ కూడా అంతే. కాబట్టి తడిగుడ్డ కప్పి అరగంట కూర్చున్నాక కారు స్టార్టయితే, పంపుదే తప్పని రుజువైనట్లు కాదు. ఆ అరగంటలో కాయిల్, కండెన్సర్ కూడా చల్లబడ్డాయి. గుడ్డ కప్పకపోయినా కారు స్టార్టయ్యేదేమో! ఇలా తప్పుగా నిర్ధారించి పంపు మార్చి, తరువాత దారిలో మళ్ళీ ఆగినవారు ఎందరో.

సరైన పద్ధతి ఏమిటంటే, ఆగిన వెంటనే ఒక్క భాగాన్ని మాత్రమే చల్లబరచి చూడడం. ముందు పంపును, దాని గొట్టాన్ని తడిపి, రెండు మూడు నిమిషాల్లోనే సెల్ఫ్ కొట్టి చూడాలి. స్టార్టు కాకపోతే అప్పుడు కాయిల్ పైపొర మీద తడిగుడ్డ ఉంచాలి. కాయిల్ మూతి మీద, డిస్ట్రిబ్యూటర్ మీద నీరు పడకూడదు. పడితే కొత్త లోపాన్ని మనమే సృష్టించినవారమవుతాము. మిగతావన్నీ వేడిగా ఉండగా ఏది చల్లబడినప్పుడు ఇంజను నడిచిందో అదే దోషి.

ఇంజను ఆపిన తరువాత కొన్ని నిమిషాలపాటు బానెట్ కింది వేడి తగ్గకపోగా పెరుగుతుంది. ఫ్యాను ఆగి, నీటి ప్రసరణ నిలిచి, ఇంజను వేడి అంతా చుట్టుపక్కల భాగాలకు పాకుతుంది. చక్కగా నడిచి వచ్చిన కారు, టీ తాగడానికి పది నిమిషాలు ఆపాక మొరాయించేది ఇందుకే. ఈ సందర్భంలో కార్బురేటర్‌లోని పెట్రోలు మరిగి ఇంజనులోకి పొంగి ఉండవచ్చు. అంటే పెట్రోలు తక్కువ కాదు, ఎక్కువైంది. బానెట్ ఎత్తగానే ఘాటైన పెట్రోలు వాసన వస్తుంది. అప్పుడు చోక్ లాగకుండా, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. ఎయిర్ లాక్ అనుకొని చోక్ లాగితే ప్లగ్గులు తడిసి పని మరింత చెడుతుంది.

ఆగినచోటనే చేయవలసిన రెండు పరీక్షలు

మధ్యమధ్య వచ్చే లోపాన్ని అది ఉన్నప్పుడే పరీక్షించాలి. ఇంజను మళ్ళీ స్టార్టయిందంటే సాక్ష్యం పోయినట్లే. అందుచేత కారు ఆగగానే, సురక్షితమైన చోటికి చేర్చి, మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకుండా ఈ రెండు పరీక్షలు చేయాలి. రెండింటికీ కలిపి ఐదు నిమిషాలు చాలు.

మొదటిది పెట్రోలు పరీక్ష. తాళంచెవి ఆపి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి కొంచెం దూరం నుంచి చూస్తూ చేత్తో యాక్సిలరేటర్ కడ్డీని కదిలించాలి. యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బురేటర్లలో సన్నని పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మితే తొట్టిలో పెట్రోలు ఉన్నట్లే. చుక్క రాకపోతే లోపం పెట్రోలు వైపే. దగ్గరలో సిగరెట్టు, దీపం వంటివేవీ ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు.

రెండవది కరెంటు పరీక్ష. దీనిని మొదలుపెట్టే ముందు ఎయిర్ క్లీనర్ మూత బిగించి, పెట్రోలు ఆవిరి పోనివ్వాలి. పాయింట్లున్న పాత కార్లలో కాయిల్ నుంచి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ నుంచి ఊడదీసి, దాని కొనను పొడి కర్రతోనో, రబ్బరు తొడుగు ఉన్న కటింగ్ ప్లేయరుతోనో ఇంజను లోహానికి సుమారు 6 మిల్లీమీటర్ల దూరంలో, కార్బురేటర్‌కు ఎడంగా పట్టుకోవాలి. ఇంకొకరు సెల్ఫ్ కొడితే నీలిరంగు రవ్వ టపటపా దూకాలి. రాకపోయినా, ఎర్రగా నీరసంగా వచ్చినా లోపం కరెంటు వైపు ఉంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న కార్లలో ఇలా వైరును గాలిలో వదిలి పరీక్షించరాదు, మాడ్యూల్ కాలిపోవచ్చు. వాటికి ఇందుకోసం ప్రత్యేకంగా తయారైన స్పార్క్ టెస్టర్ వాడాలి.

రెండు పరీక్షలూ బాగున్నాయని తేలితే పొరపాటు ఎక్కడో చూపులో జరిగింది. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడవడం, రోటరు పగలడం అప్పుడు చూడవలసినవి.

కరెంటు వైపు లోపాలు

పాత కార్లలోని ఇగ్నిషన్ పద్ధతికి మూలపురుషుడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. 1910 ప్రాంతంలో ఆయన రూపొందించిన పద్ధతే చిన్న మార్పులతో డెబ్భై ఏళ్ళకు పైగా ప్రపంచమంతటా నడిచింది. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల విద్యుత్తు కాయిల్ గుండా పాయింట్లకు చేరుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర రవ్వ అవుతుంది. పాయింట్ల మధ్య ఎడం చాలా కార్లలో 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. వాటి ఫైబరు మడమ అరిగేకొద్దీ ఎడం తగ్గుతూ, చివరకు వేడిమీద పాయింట్లు విడిపోని స్థితి వస్తుంది.

లోపం ఏ ముక్కలో ఉందో తెలుసుకోవడానికి రెండు వైర్లు తగిలించిన చిన్న 12 వోల్టుల బల్బు చాలు. ఒక వైరును ఎర్త్‌కు తగిలించి, తాళంచెవి తిప్పి, రెండవ వైరును కాయిల్‌కు విద్యుత్తు వచ్చే మొన మీద ఉంచాలి. బల్బు వెలగకపోతే స్విచ్ నుంచి కాయిల్ దాకా ఉన్న దారిలో లోపం ఉంది. వెలిగితే, బల్బును డిస్ట్రిబ్యూటర్ వైపు మొనకు మార్చి సెల్ఫ్ కొట్టించాలి. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు. అసలు వెలగకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ షార్టయింది, లేదా కాయిల్ లోపలి తీగ తెగింది.

అనుభవజ్ఞులను కూడా మోసగించే లోపం ఒకటి డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంటుంది. పాయింట్లకు వెళ్ళే చిన్న మెత్తటి వైరు ఏళ్ళ తరబడి వంగి వంగి, పైపొర చెక్కుచెదరకుండానే లోపల తెగిపోతుంది. యాక్సిలరేటర్‌ను బట్టి వాక్యూమ్ అడ్వాన్స్ ఆ పళ్ళాన్ని అటూ ఇటూ తిప్పుతుంది. ఒక స్థితిలో తెగిన కొనలు కలిసి ఉంటాయి, ఇంకొక స్థితిలో విడిపోతాయి. ఫలితంగా నిలకడగా వెళుతున్నప్పుడు ఏమీ ఉండదు, యాక్సిలరేటర్ వదిలినప్పుడో తొక్కినప్పుడో ఇంజను ఆగుతుంది. కంటితో చూస్తే వైరు బాగానే ఉంటుంది. మెల్లగా లాగి చూస్తే రబ్బరులాగా సాగుతుంది. పళ్ళాన్ని ఎర్త్ చేసే చిన్న వైరుకు కూడా ఇదే గతి పడుతుంది.

మరొకటి కాయిల్ ఎంపికకు సంబంధించినది. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు ఒక బల్లాస్ట్ నిరోధకం ఉంటుంది. ఆ కార్ల కాయిల్ నిరోధం సుమారు 1.5 ఓములు, బల్లాస్ట్ లేని వాటిది సుమారు 3 ఓములు. మొదటి రకం కాయిల్‌ను బల్లాస్ట్ లేని కారుకు బిగిస్తే ఇంజను బ్రహ్మాండంగా స్టార్టవుతుంది, కానీ కాయిల్ అతిగా వేడెక్కి గంట ప్రయాణం తరువాత చేతులెత్తేస్తుంది. పాయింట్లు కూడా త్వరగా మాడిపోతాయి. కొత్త కాయిల్ కదా, దానికేమవుతుంది అని ఎవరూ దానిని అనుమానించరు.

తాళంచెవి స్విచ్ మీద అనుమానం ఉంటే, బ్యాటరీ నుంచి కాయిల్‌కు ఫ్యూజు ఉన్న వైరు ఒకటి తాత్కాలికంగా నేరుగా కలిపి కొన్ని రోజులు నడిపి చూడవచ్చు. బల్లాస్ట్ ఉంటే వైరును దానికి ముందే కలపాలి. ఆ వైరు ఉన్నంతకాలం తాళంచెవితో ఇంజను ఆగదు కనుక వైరు ఊడదీసే పద్ధతి నడిపేవారికి తెలిసి ఉండాలి.

గ్యాస్ కిట్ ఉన్న కార్లు

పెట్రోలుతో పాటు ఎల్పీజీ లేదా సీఎన్జీ కిట్ బిగించిన పాత కార్లలో నిర్ధారణ చాలా సులభం. గ్యాస్ మీద నడిపినప్పుడు ఆగకుండా, పెట్రోలు మీద మాత్రమే ఆగితే దోషం పెట్రోలు వైపు ఉంది. రెండింటి మీదా ఆగితే కరెంటు. పెట్రోలు గొట్టంలో కిట్ వాళ్ళు అమర్చిన సోలినాయిడ్ వాల్వు వేడికి మూసుకుపోవడం మామూలే కనుక దానిని మొదట చూడాలి.

ఇథనాల్ కలిసిన పెట్రోలు

భారతదేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. కార్బురేటర్ కార్లు ఇటువంటి ఇంధనం కోసం తయారైనవి కావు. ఇథనాల్ కొన్ని పాత రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. మెత్తబడిన గొట్టం పంపు పీల్చినప్పుడు లోపలికి నొక్కుకుపోయి, ఇంజను ఆగగానే మళ్ళీ విచ్చుకుంటుంది. ఇది కూడా రెండు మూడు నిమిషాల్లో మాయమయ్యే లోపమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఆ నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో సహా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న కారు బయటకు తీసిన రోజునే ఆగుతుంటే, ట్యాంకు అడుగునుంచి కొంత పెట్రోలును గాజుసీసాలోకి తీసి కాసేపు నిలవనివ్వాలి. రెండు పొరలు కనబడితే కారణం తెలిసినట్లే. పాత కార్లకు పంపు పొర, గొట్టాలు, ఫ్లోట్ సూది కొత్త ఇంధనానికి తట్టుకొనేవి వేయించుకోవడం మంచిది.

తొలితరం ఇంజెక్షన్ కార్లు

మారుతి 800 వంటి కార్లలో 2000 ప్రాంతంలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. పాయింట్లు, కండెన్సర్ పోయాయి కానీ వేడి పోలేదు. క్రాంకు, క్యామ్ సెన్సర్లు, ఇగ్నిషన్ మాడ్యూలు, పెట్రోలు పంపు రిలే ఇప్పుడు ఆ పాత్రను పోషిస్తాయి. 1980, 90 దశకాల హోండా కార్లలో ప్రధాన రిలే లోపలి టంకం అతుకులు చీలి, ఎండలో నిలిపిన కారు స్టార్టు కాకపోవడం మెకానిక్కులకు బాగా తెలిసిన లోపం. తాళంచెవి తిప్పగానే వెనక ట్యాంకు వద్ద పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి. ఆ శబ్దం లేకపోతే రిలే, ఫ్యూజు, పంపు చూడాలి.

ఫోర్డ్ సంస్థ 1983 నుంచి అనేక మోడళ్ళలో ఇగ్నిషన్ మాడ్యూల్‌ను వేడి డిస్ట్రిబ్యూటర్ మీదనే బిగించింది. వేడెక్కితే మాడ్యూలు పనిచేయడం మానేసి, చల్లబడితే తిరిగి పనిచేసేది. షెడ్డుకు తీసుకువెళితే లోపమేదీ కనబడేది కాదు. 2000లో కాలిఫోర్నియాలోని ఒక న్యాయస్థానం ఆ కార్లను వెనక్కు పిలిపించాలని ఆదేశించింది. 2001లో రాజీ కుదిరింది.

కంప్యూటరు ఉన్న కార్లలో స్కానరు పెడితే లోపం దానంతట అదే తెలుస్తుందనే నమ్మకం ఉంది. అది కొంతవరకే నిజం. సెన్సరు క్షణకాలం మౌనం వహిస్తే కోడు నమోదు కాకపోవచ్చు. కోడు లేదంటే లోపం లేదని అర్థం కాదు.

మరమ్మతు తరువాత

భాగం మార్చాక కారు స్టార్టయిందని కాక, ఏ పరిస్థితిలో ఆగేదో అదే పరిస్థితిలో ఆగకుండా నడిచిందని నిర్ధారించుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఘాట్ రోడ్డులో ఆగే కారును ఉదయం ఆరు గంటలకు ఊళ్ళో తిప్పి చూస్తే ప్రయోజనం లేదు. పది రోజులకొకసారి ఆగే కారు నాలుగు రోజులు ఆగలేదంటే అది ఇంకా ఏమీ చెప్పనట్లే. ఒకేసారి నాలుగు భాగాలు మారిస్తే కారు బాగుపడవచ్చు గానీ ఏది చెడిందో తెలియదు. తీసేసిన మూడు మంచి భాగాలకూ డబ్బు చెల్లించినట్లవుతుంది. పాత భాగాన్ని పారవేయకుండా డిక్కీలో ఉంచుకొని, వీలైతే ఒకసారి తిరిగి బిగించి చూడవచ్చు. దానితో లోపం తిరిగి వస్తే అనుమానం తీరుతుంది. లోపం దొరికేదాకా డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచి, ఆగిన ప్రతిసారీ తేదీ, గంట, అప్పటికి ఎంతసేపు నడిచిందో, ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో, వెలిగిన దీపాలు, ఎన్ని నిమిషాలకు స్టార్టయిందో రాసుకుంటే, నాలుగైదు పద్దులు చేరేసరికి మెకానిక్కు చేతిలో పెట్టడానికి తగినంత ఆధారం ఉంటుంది.